ఫుజీ కొండ మీద ఒక రాత్రి

పిల్లలూ, మీలో చాలామంది తిరుమల కొండ కాలినడకన ఎక్కి ఉంటారు. సింహాచలం మెట్లు ఎక్కిన వాళ్ళు కూడా ఉంటారు. మా మేనకోడలు ఈ రెండూ ఎక్కింది. తిరుమల అయితే రెండు సార్లు ఎక్కింది. ఆ ధైర్యంతోనే 2025 వేసవిలో జపాను దేశంలోని ఫుజీ కొండ ఎక్కటానికి బయలుదేరింది. అక్కడ జరిగిన సంగతులు ఆ పిల్ల నాకు చెప్పింది, నేను మీకు చెబుతాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉన్నది. అది దాచను.

మా మేనకోడలు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నది. సెలవుల్లో రెండు నెలల పాటు టోకియో నగరంలో ఒక పరిశోధనశాలలో పని నేర్చుకోవటానికి వెళ్ళింది. చదువు మధ్యలో ఇలా వెళ్ళి పని నేర్చుకోవటాన్ని ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. అక్కడ ఆమెకు ముగ్గురు స్నేహితులు దొరికారు. ఒకరు జపాను అమ్మాయే. ఒకడు వియత్నాం అబ్బాయి, మంచి ఫుట్‌బాలు ఆటగాడు. ఇంకొకడు మన మదురై వాడు. వారంలో అయిదు రోజులు పని, శని ఆది వారాలు సెలవు. ఒక శనివారం నలుగురూ కలిసి ఫుజీ కొండకు పోదామని నిశ్చయించుకున్నారు.

జపానులో ఇంతకన్న ఎత్తయిన కొండ లేదు. దీని ఎత్తు 3,776 మీటర్లు. టోకియోకు నైరుతి దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చలికాలంలో గాలి తేటగా ఉన్న రోజున టోకియో మేడల మీద నుంచే కనిపిస్తుందట. మా మేనకోడలు ఉన్నది వేసవిలో గనక మబ్బు, మసక తప్ప ఆమెకేమీ కనబడలేదు. ఆమె ఫుజీని చూసినదల్లా వెయ్యి యెన్ల నోటు వెనక పక్కనే!

ఇది మామూలు కొండ కాదు, అగ్నిపర్వతం. చివరిసారి 1707 డిసెంబరులో పేలింది. అప్పుడు లేచిన బూడిద గాలికి కొట్టుకుపోయి ఎదో పట్టణం మీద కురిసింది. ఎదో అంటే ఇప్పటి టోకియోయే. నాటి నుంచీ కొండ నిద్రపోతున్నది. నిద్రపోతున్నదే గాని చచ్చిపోలేదు. అందుకని శాస్త్రజ్ఞులు దాన్ని ఎప్పుడూ ఒక కంట కనిపెడుతూనే ఉంటారు.

కొండ ఎక్కటానికి వేసవిలో రెండు నెలలే అదను. జూలై మొదట్లో దారులు తెరుస్తారు, సెప్టెంబరు 10న మూసేస్తారు. మొత్తం దారులు నాలుగు. భాష రాని వాళ్ళు కూడా పోల్చుకునేటట్టు ఒక్కొక్క దారికి ఒక్కొక్క రంగు పెట్టారు. యోషిదా దారికి పసుపు, సుబాషిరి దారికి ఎరుపు, గోతెంబా దారికి ఆకుపచ్చ, ఫుజినొమియా దారికి నీలం. ఈ రంగులు జ్ఞాపకం పెట్టుకోండి. తరవాత వీటితో పని ఉన్నది.

అడుగు నుంచి శిఖరం దాకా దారిని పది మజిలీలుగా విభజించారు. యోషిదా దారిలో అయిదో మజిలీ దాకా బస్సు పోతుంది. "అయితే సగం కొండ బస్సే ఎక్కుతుందన్నమాట!" అని మీరు నవ్వవచ్చు. కాని ఆ అయిదో మజిలీ ఎత్తు 2,305 మీటర్లు. మన ఆంధ్రదేశంలో ఎంత ఎత్తు కొండ అయినా 1,700 మీటర్లు దాటదు. అంటే మన కొండలన్నిటికన్న పైకి తీసుకుపోయి, అక్కడ దింపి, "ఇక ఎక్కండి" అంటుందన్నమాట ఆ బస్సు.

శనివారం పొద్దున్నే నలుగురూ షింజుకు అనే చోట బస్సు ఎక్కారు. ప్రయాణం రెండున్నర గంటలు. మదురై అబ్బాయి సంచీలో ఒక చిప్సు పొట్లం పెట్టుకున్నాడు. బస్సు మలుపులు తిరుగుతూ కొండ ఎక్కుతున్న కొద్దీ ఆ పొట్లం ఊరికే ఉబ్బటం సాగించింది. అయిదో మజిలీ చేరేసరికి అది పూరీ లాగా, ముట్టుకుంటే పగిలేట్టు తయారయింది. వాళ్ళు నవ్వుకుని దానికి ఫొటో తీసి నాకు పంపారు.

పొట్లం ఎందుకు ఉబ్బింది? దాని లోపల ఉన్నది కింద పట్టణంలో మూసిన గాలి. కింద ఉన్నప్పుడు బయటి గాలి కూడా దాన్ని అంతే బలంగా నొక్కుతూ ఉంటుంది. మన నెత్తి మీద ఉన్న గాలి బరువే ఈ నొక్కుడు. పైకి పోయిన కొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుంది గనక నొక్కుడూ తగ్గుతుంది. లోపలి గాలికి స్వేచ్ఛ వచ్చి పొట్లం ఉబ్బుతుంది. ఫుజీ శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టాన ఉన్నదానిలో నూటికి 64 వంతులే.

ఇక్కడ ఒక మాట. "ఎత్తున గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గిపోతుంది" అని పరీక్ష కాగితాల్లో ఏటా పదిమందైనా రాసేవాళ్ళు. నేను మార్కులు కోసేసేవాణ్ణి. శాతం తగ్గదు. కిందా పైనా కూడా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులే. గాలే పలచబడుతుంది. కింద ఒక గుక్కలో వచ్చే ప్రాణవాయువు అక్కడ ఒకటిన్నర గుక్క పీల్చితే గాని రాదు.

ఇదంతా ముప్ఫై నాలుగేళ్ళ పాటు పిల్లలకు పాఠం చెప్పిన వాణ్ణి నేను. ఇక నా పొరపాటు వినండి.

అయిదో మజిలీలో బస్సు దిగగానే జపాను అమ్మాయి, "ఇక్కడ ఒక గంట సేపు ఊరికే కూచోవాలి. ఒళ్ళు ఈ గాలికి అలవాటు పడాలి. ఆ తరవాతే నడక," అన్నది. మిగిలిన ముగ్గురికీ తొందర. మధ్యాహ్నం రెండు గంటలకు దారి మొదట్లో ఉన్న గేటు మూసేస్తారు. పైన బసకు చోటు ముందుగా చెప్పుకున్న వాళ్ళను తరవాతైనా పోనిస్తారు. వీళ్ళు చెప్పుకునే ఉన్నారు. అయినా తొందరే. మా మేనకోడలు నాకు ఫోను చేసి, "మామయ్యా, గంట సేపు కూచోమంటున్నది ఈ అమ్మాయి. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

"కూచుంటే చీకటి పడుతుందమ్మా. మెల్లిగా నడుస్తూ పొండి. నడుస్తుంటే అదే అలవాటవుతుంది," అన్నాను నేను, విశాఖపట్నంలో పడక కుర్చీలో కూచుని. నా జన్మలో నేను ఎక్కిన ఎత్తు అరకు లోయే.

"మా మామయ్య సైన్సు మాస్టారు," అని చెప్పి ఆ పిల్ల అందరినీ బయలుదేరదీసింది.

గేటు దగ్గర మనిషికి 4,000 యెన్లు కట్టాలి. మన డబ్బులో రెండు వేల మూడు వందల పైన. ఈ రుసుము ఆ యేడే పెంచారు. అంతకు ముందు యేడు, 2024లో, మొదటిసారిగా 2,000 యెన్లు పెట్టారు. అంతకు ముందు గేటే లేదు. రాత్రంతా ఆగకుండా ఎక్కి తెల్లారేసరికి శిఖరం చేరాలని వచ్చే వాళ్ళు మరీ ఎక్కువై, దారిలో జబ్బు పడుతూండటం చేత ఈ ఏర్పాట్లు చేశారు.

మా మేనకోడలు ఒక చేతికర్ర కొనుక్కున్నది. దారిలో ఉన్న సత్రాల్లో కొంత డబ్బు పుచ్చుకుని ఆ కర్ర మీద కాల్చిన ఇనుముతో తమ ముద్ర వేస్తారు. పైకి పోయిన కొద్దీ కర్ర మీద ముద్రలు పెరుగుతాయి. మన పిల్లలకు ఇటువంటిది దొరికితే ఇక అలుపు తెలుస్తుందా? ఆరో మజిలీ దాటాక చెట్లు పోయాయి. ఎర్రదీ నల్లదీ కంకర, మధ్య మధ్య బండలు. ఈ కంకరంతా ఒకప్పుడు కొండ కక్కినదే. ఏడో మజిలీ దగ్గర బండలను చేతులతో కూడా పట్టుకుని ఎక్కవలసి వచ్చింది. మంచినీళ్ళ సీసా ధర మజిలీ మజిలీకీ పెరిగింది. తాగిన సీసా పారెయ్యటానికి ఎక్కడా తొట్టి లేదు. ఎవరి చెత్త వాళ్ళే కిందికి మోసుకుపోవాలి.

అందరికన్న ముందు నడిచినవాడు వియత్నాం అబ్బాయి. అందరి సంచీలూ తానే మోస్తానన్నాడు కూడా.

సాయంత్రం అయిదు గంటలకు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న బస చేరుకున్నారు. ఒక చిన్న లెక్క చెయ్యండి. ప్రతి వంద మీటర్లకూ వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. టోకియోలో ఆ పొద్దున 34 డిగ్రీలు. మరి అక్కడ ఎంత ఉండాలి? లెక్క ప్రకారం 13 లేక 14 వస్తుంది. దానికి గాలి తోడయింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయట. రాత్రి భోజనం అన్నమూ, దాని మీద చిక్కని కూరా. ఆ ఎత్తున నీళ్ళు 89 డిగ్రీలకే మరిగిపోతాయి. మూత బిగించని గిన్నెలో వండితే మెతుకు పలుకు విడవదు.

భోజనమయ్యాక మా మేనకోడలు ఒక కార్డు తీసి రాయటానికి కూచున్నది. ఫుజీ శిఖరం మీద, వేసవిలో కొన్నాళ్ళు, ఒక తపాలా కచ్చేరీ నడుస్తుంది. అక్కడ వేసిన ఉత్తరం మీద శిఖరం ముద్ర పడుతుంది. ఆ ముద్రతో నాకు కార్డు పంపిస్తానని ఆ పిల్ల ఇండియాలో బయలుదేరినప్పుడే మాట ఇచ్చింది. పైన చేతులు కొంకర్లు పోతే రాయలేనేమోనని, "మామయ్యా, నేను ఫుజీ శిఖరం మీద నుంచి రాస్తున్నాను" అని ముందుగానే రాసి పెట్టుకున్నది.

ఏడింటికల్లా అందరూ పక్కపక్కన పడుకున్నారు. ఒకరు దొర్లితే పక్కవారికి తెలివి వచ్చేటంత ఇరుకు. అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి, శిఖరం చేరి, సూర్యోదయం చూడాలి.

రాత్రి పది గంటలకు వియత్నాం అబ్బాయి లేచి బయటికి పరిగెత్తాడు. వాంతి అయింది. తల రెండుగా పగిలిపోతున్నదన్నాడు. అయిదో మజిలీలో కొన్న ప్రాణవాయువు డబ్బా పట్టించారు. పది నిమిషాలు హాయి, మళ్ళీ మామూలే. బస యజమాని వచ్చి చూసి, మాట తడబడుతున్నదేమోనని నాలుగు ప్రశ్నలు అడిగాడు. నిటారుగా నడిపించి చూశాడు. తరవాత గోడకు ఆనించి కూచోబెట్టి, "పైకి ఒక్క అడుగు కూడా వెయ్యవద్దు. ఇంతకన్న ఎక్కువయితే ఈ చీకట్లోనే దింపుతాం. ఇలాగే ఉంటే తెల్లారగానే దిగాలి. దీనికి దిగటమే మందు," అన్నాడు.

బలమున్న వాళ్ళకు ఈ జబ్బు రాదనుకోకండి. కండ బలానికీ దీనికీ సంబంధం లేదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేరు. సముద్రమట్టాన ఉన్న మనిషి ఒకే రోజున ఇంత ఎత్తుకు వచ్చి పడుకుంటే వచ్చే అవకాశం ఎక్కువ. రెండు మూడు రోజులు ఆగి ఎక్కితే ఒళ్ళు తనంతట తానే సర్దుకుంటుంది. ఊపిరి వేగం పెరుగుతుంది, ఆ పైన నెత్తురులో ఎర్రకణాలు పెరుగుతాయి. వీళ్ళు ఒక్క గంట కూడా ఇవ్వలేదు.

ఒంటిగంట అయింది. అందరూ దీపాలు నుదుటికి కట్టుకుని బయలుదేరుతున్నారు. ఇతనికి తోడు ఎవరుండాలి? "నేనుంటాను. ఇది మా దేశం, వచ్చే యేడు వస్తాను. నీకు ఇంక మూడు వారాలే కదా," అన్నది జపాను అమ్మాయి. ఆ మాట నిజమే. మా మేనకోడలు చేతికర్ర పుచ్చుకుని లేచి నిలబడింది కూడా. ఆకాశంలో నక్షత్రాలు. దారి పొడుగునా దీపాల వరస శిఖరం దాకా పాకుతూ పోతున్నది. ఇంక గంటన్నర నడిస్తే చాలు.

ఆ పిల్ల మళ్ళీ కూచున్నది. "పొద్దున అందరినీ తొందరపెట్టింది నేను. నేనుంటాను," అన్నది. ఈ మాట ఆమె నాకు చెప్పినప్పుడు నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తొందరపెట్టింది ఆమె కాదు.

వెళ్ళే వాళ్ళకు ఆమె తన కార్డు ఇచ్చింది.

వాళ్ళిద్దరినీ ఆ గోడ దగ్గర కాసేపు ఉంచి, ఇదే కొండ మీద జరిగిన పాత కథ ఒకటి చెబుతాను. 1872 దాకా ఆడవాళ్ళను ఈ కొండ శిఖరానికి పోనిచ్చేవారు కాదు. అది జరిగిన ఇరవై మూడేళ్ళకు, 1895లో, నొనాకా ఇతారు అనే ఆయన శిఖరం మీద సొంత ఖర్చుతో ఒక గుడిసె కట్టాడు. తుఫానులు ఎప్పుడు వస్తాయో ముందుగా తెలియాలంటే పైగాలి సంగతి తెలియాలని, చలికాలమంతా అక్కడే ఉండి గాలీ వేడీ కొలవాలని ఆయన పట్టుదల. అక్టోబరులో ఒంటరిగా పని మొదలుపెట్టాడు. రాత్రింబగళ్ళు రెండు గంటలకొకసారి కొలవాలి. మరి నిద్ర? ఇది గ్రహించి, ఆయన భార్య చియొకో ఆ అక్టోబరులోనే తానూ కొండ ఎక్కి వచ్చింది. వంతులు వేసుకుని ఇద్దరూ కొలిచారు. చలి, సరి అయిన తిండి లేదు. ఒళ్ళు వాచి ఇద్దరికీ ప్రాణం మీదికి వచ్చింది. డిసెంబరులో కొందరు పైకి పోయి వాళ్ళను బలవంతాన కిందికి దించారు. పని సగంలోనే ఆగింది. కాని 1932 నుంచి ఆ శిఖరం మీద ఏడాది పొడుగునా మనుషులుండి వాతావరణం కొలవసాగారు. 1959లో ఒక తుఫాను అయిదు వేలమంది దాకా పొట్టన పెట్టుకున్నాక, 1964లో అక్కడ పెద్ద రాడారు కట్టారు. ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన ఉన్న తుఫానును కూడా అది పసికట్టేది. ఉపగ్రహాలు వచ్చాక 1999లో దాని పని అయిపోయింది. 2004 నుంచి మనుషులు లేకుండా యంత్రాలే కొలుస్తున్నాయి.

తెల్లవారుతున్నది. ఈ బస కొండకు తూర్పు వైపుకు తిరిగి ఉంటుంది గనక సూర్యోదయం గుమ్మంలో నుంచే కనబడింది. కాళ్ళ కింద దూది పరిచినట్టు మబ్బులు, వాటి అంచున ఎర్రగా సూర్యుడు. వియత్నాం అబ్బాయి కళ్ళు తెరిచి చూసి, "చాలా బాగుంది," అని మళ్ళీ వాంతి చేసుకున్నాడు.

ఇద్దరూ దిగటం మొదలుపెట్టారు. దిగే దారి వేరు. మెత్తటి కంకరలో కాలు జారుతూ, పాము మెలికల లాగా పోతుంది. కొంత దిగేసరికి కింది మబ్బు పైకి వచ్చి కమ్మేసింది. పది అడుగుల అవతల ఏమీ తెలియటం లేదు. అబ్బాయి ఆమె భుజం పట్టుకుని తల వంచుకుని నడుస్తున్నాడు. ముందు ఎవరో నలుగురు పోతూంటే వాళ్ళ వెనకే వీళ్ళూ నడిచారు. కొంతసేపటికి మంచులో నుంచి ఒక పలక కనిపించింది. పలక మీద రంగు ఎరుపు.

పిల్లలూ, వీళ్ళది ఏ రంగు?

ఎనిమిదో మజిలీ దగ్గర దిగే దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పసుపు, కుడికి ఎరుపు. ఎరుపు వెంట పోతే కొండకు మరో పక్క, మరో జిల్లాలో తేలతారు. ఏటా ఎందరో ఈ చీలిక దగ్గరే పొరబడతారు. అబ్బాయికి చెబితే కంకరలో కూలబడి, "ఇక పైకి ఎక్కలేను. ఇలాగే పోదాం. ఎలాగూ దిగటమే కదా," అన్నాడు. అదీ నిజమే. ఎటు దిగినా గాలి దొరుకుతుంది. కాని స్నేహితులు వెతుకుతూ వచ్చేది పసుపు దారిన. మంచులో తెలియని దారి. ఇతను మధ్యలో పడిపోతే ఒక్కత్తీ ఏం చేస్తుంది? ఆమె అతని సంచీ కూడా తన భుజాన వేసుకుని, కర్ర ఒక కొస అతని చేతికి ఇచ్చి, రెండో కొస తాను పట్టుకుని వెనక్కు ఎక్కింది. ఇరవై అడుగులకు ఒకసారి ఆగారు. ముప్పావు గంట పట్టింది. కిందికి వచ్చేటప్పుడు అదే దూరం పది నిమిషాలు!

పసుపు పలక కనపడగానే ఆ పిల్ల దాన్ని చేత్తో తడిమి చూసిందట.

ఆ తరవాత జరిగినది వింటే వింతగా ఉంటుంది. ఏడో మజిలీ ఎత్తుకు దిగేసరికి అతను భుజం వదిలేశాడు. ఆరో మజిలీ ముందు ఆగి, "ఆకలి వేస్తున్నది. ఆ చిప్సు పొట్లం నీ దగ్గర ఉన్నదా?" అన్నాడు. మందూ మాకూ ఏమీ లేదు. వెయ్యి మీటర్లు దిగారు, అంతే.

రెండు గంటల తరవాత మిగిలిన ఇద్దరూ వచ్చారు. శిఖరం మీద రెండు వందల మీటర్లకు మించిన లోతున్న గొయ్యి చూశారు. దాని అంచున సగం దూరం చుట్టి పోతే గాని తపాలా కచ్చేరీ రాలేదట.

మా మేనకోడలు తిరిగి వచ్చినప్పుడు నాకు రెండు వస్తువులు తెచ్చింది. ఒకటి ఆ చేతికర్ర. ముద్రలు కింది నుంచి వరసగా వచ్చి ఒక చోట ఆగిపోయాయి. ఆ పైన జానెడు కర్ర ఖాళీ. రెండోది ఖాళీ మంచినీళ్ళ సీసా. బసలో మూత బిగించి సంచీలో వేసుకున్నది. టోకియోలో తీసి చూస్తే ఎవరో పిడికిట నలిపినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉన్నది. ఎవరు నలిపారో మీకు ఈపాటికి తెలిసే ఉండాలి. ఈసారి తిరుమల వెళ్ళినప్పుడు మీరు పైన ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూత బిగించి, తిరుపతిలో చూడండి. ఇంతగా నలగదు గాని, కొంత తెలుస్తుంది.

కార్డు మాత్రం ఆమె కన్న ముందే వచ్చింది. ముద్ర శిఖరానిదే. "ఫుజీ శిఖరం మీద నుంచి" అన్న మాటలు కొట్టేసి, ఆ పైన ఇరుకిరుకుగా ఇలా రాసి ఉన్నది: "శిఖరానికి 376 మీటర్ల కింద నుంచి."